నిండి పొర్లే తొట్టి

చోడవరంలో సత్తిబాబు బిగించిన ట్యాంకు పొర్లిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఎవరైనా అన్నట్టు చెవిన పడితే చాలు, ఆ మేడెక్కి, మూత తీసి, లోపలికి తలదూర్చి, తప్పు తనది కాదని తేలేదాకా కిందికి దిగడు. పైపుల పని చేసేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. కానీ నీళ్ళు అంచుకు నాలుగు వేళ్ళ కిందికి రాగానే లోపలి బంతి తేలి, ధార చప్పుడు చెయ్యకుండా ఆగిపోవడం, ఒక్క చుక్క కూడా గోడ మీదికి జారకపోవడం తన చేతికి మాత్రమే వచ్చిన విద్య అని అతని నమ్మకం. ఆ నమ్మకంతో ఇరవయ్యారేళ్ళు నిండాయి గానీ పెళ్ళి మాత్రం కాలేదని వాళ్ళమ్మ రాజ్యం బెంగ.

జూన్ నెలలో ఒక మధ్యాహ్నం అతను అలాగే ఎవరిదో మేడ మీద ట్యాంకులో తలపెట్టి ఉండగా వెనకనుంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది.

"ట్యాంకుల సత్తిబాబు గారంటే మీరేనాండి?"

"నానే. ఎన్ని లీటర్లు కావాలి?" తల బయటికి తియ్యకుండానే అడిగాడు.

"రెండొందలు సరిపోద్దండి."

"మరీ సిన్నది. ఎన్నో అంతస్తు?"

"అంతస్తు లేదండి. పడవలో."

సత్తిబాబు తల బయటికి తీశాడు. ఆ తొందరలో ట్యాంకు అంచు నుదుటికి గట్టిగా తగిలింది. ఎదురుగా చేతి మీద రెయిన్ కోటు వేసుకుని, చెప్పుల నిండా బురదతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. నవ్వు ఆపుకోవడానికి నానా తిప్పలూ పడుతోంది. పెదవులైతే ఆపింది గానీ కళ్ళు ఆమె మాట వినలేదు. ఆ కళ్ళు చూశాక నుదురు నొప్పి పెడుతున్న సంగతి అతనికి కాసేపటిదాకా గుర్తు రాలేదు.

ఆమె పేరు దేవిశ్రీ. రావికమతం దాటాక కొండల మధ్య ఉన్న రిజర్వాయరు ఒడ్డున వాళ్ళ ఊరు. నాన్న గణపతిరావు ఆ నీళ్ళలోనే చేపలు పడతాడు. ఆమె ఫిషరీస్ డిప్లొమా చదివింది. చదివినవాళ్ళంతా ఉద్యోగాలకని పరుగెడుతుంటే తను మాత్రం ఇంటి వెనకాల సిమెంటు తొట్లు కట్టించి, వాటిలో చేపపిల్లల్ని పుట్టిస్తానని కూర్చుంది. వానలు పడి, కొండల్లోంచి దిగే గెడ్డకు కొత్తనీరు వచ్చినప్పుడు, కడుపుతో ఉన్న బొచ్చె చేపలు రిజర్వాయరు అవతలి కొసకు, గెడ్డ వచ్చి కలిసే చోటికి చేరతాయట. ఆ తల్లిచేపల్ని పట్టి, ప్రాణంతో తొట్లదాకా తేవాలి. దారిలో గంటకు పైగా తెడ్లు వెయ్యాలి. పోయినేడు పట్టినవన్నీ పడవలోనే చచ్చిపోయాయి.

"పడవ మజ్జిన తొట్టి కట్టాలండి. లైవ్ వెల్ అంటారు. రిజర్వాయరు నీళ్ళే లోపలికి వస్తండాలి, ఎలపలికి పోతండాలి. తొట్టిలో ఉన్నానన్న సంగతి సేప మర్సిపోవాలి."

ఆ చివరి మాట సత్తిబాబుకు బాగా నచ్చింది. కానీ పనివాడు అడగ్గానే ఒప్పుకుంటే లోకువైపోతాడు కాబట్టి, పడవల పని తెలిసినవాళ్ళు వైజాగులో బోలెడుమంది ఉంటారు కదా, వాళ్ళనడగొచ్చు కదా అన్నాడు.

"అడిగేనండి. ఇంత సిన్న పడవకా అని నవ్వేరు. మీరు నవ్వలేదు."

"నవ్వలేదు," అన్నాడు సత్తిబాబు కొంచెం గర్వంగా.

"నవ్వడానికి ఖాళీ ఏదండీ, తలకి దెబ్బ తగిలింది గదా," అని చెప్పి, నుదుటికి చన్నీళ్ళు పెట్టుకోమని సలహా ఇచ్చి, ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. పిట్టగోడ దగ్గర నిలబడి, ఆమె స్కూటీ సందు మలుపు తిరిగేదాకా చూశాడు సత్తిబాబు. అప్పుడే నాలుగు చినుకులు పడ్డాయి. మూత తీసిన ట్యాంకులో వాన పడుతోందని ఇంటివాళ్ళు కింద నుంచి అరిస్తే గానీ అతను వెనక్కి తిరగలేదు.

మర్నాడు పొద్దున్నే టేపు జేబులో వేసుకుని బయలుదేరాడు. దారంతా రెండుపక్కలా చెరుకుతోటలు. రావికమతం దాటాక తోటలు పలచబడి, కొండలు దగ్గరికి జరిగాయి. మట్టిగట్టు ఎక్కేసరికి బండి దానంతటదే ఆగినట్టు ఆగింది.

నీళ్ళంటే అతనికి తెలిసింది లీటర్లు. ఐదొందలు, వెయ్యి, మహా అయితే రెండువేలు. పైపులో ఒదిగి, మూత కింద అణిగి, చెప్పిన చోట ఆగేవే నీళ్ళు. ఇక్కడ మూత లేదు, గోడ లేదు. కొండలకు కొండలే తలకిందులుగా నీళ్ళలోకి దిగి ఉన్నాయి. వాటి మధ్యలోంచి ఒక మబ్బు నిదానంగా నడిచిపోతోంది. ఇన్నాళ్ళూ తను నీళ్ళ పని చేస్తున్నానని చెప్పుకున్నందుకు అతనికి సిగ్గేసింది. ఎందుకో తెలియకుండానే చెప్పులు విడిచి పక్కన పెట్టాడు.

"ఎన్ని లీటర్లుంటాదంటారు?" అంది దేవిశ్రీ వెనకనుంచి.

సత్తిబాబు జేబులోని టేపు మీద చెయ్యి వేసి, తీసేశాడు.  రోజూ చూసే నీళ్ళే అయినా ఆమె కూడా అటే చూస్తూ నిలబడింది. అది అతను గమనించాడు.

పడవ ఒడ్డున బోర్లించి ఉంది. ఫైబరు పడవ, ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి ఆలోచించాల్సినంతది. గణపతిరావు దాని పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. సత్తిబాబు మర్యాదగా చేతులు జోడించి, "దండం బాబాయ్" అన్నాడు.

ఊళ్ళో వయసు మళ్ళిన ప్రతి మనిషినీ అతను అలాగే పిలుస్తాడు. ఈసారి మాత్రం ఆ మాట గాలిలో ఉండగానే పొరపాటు తెలిసొచ్చింది. బాబాయి కూతురంటే వరసకు చెల్లెలు. పక్కకు చూస్తే దేవిశ్రీ చాలా శ్రద్ధగా వల వైపు చూస్తోంది. ఆ క్షణం నుంచి సత్తిబాబు గణపతిరావును ఏ వరసా పెట్టి పిలవకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు. అది ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. "ఈ పక్క ఎవురైనా పట్టుకుంటే కొలుస్తాను" అనేవాడు. చుట్టూ గణపతిరావు తప్ప మరో పురుగు ఉండేది కాదు.

పెద్దాయన పని చూస్తూనే సంగతి తేల్చేశాడు. కూతురి మీద ప్రేమ లేక కాదు, చచ్చిన తల్లిచేపల్ని చూసి ఆమె ఏడుస్తుంటే ఇంకోసారి చూడలేక.

"ఈ వానలకి సేపలు బతికొస్తే సరే బాబూ. రాలేదో, ఆ తొట్లలో మన్ను పోసి ఆనపపాదులు ఎట్టేస్తాను. మా దేవిశ్రీ గుంట వైజాగులో ఆళ్ళ పెద్దమ్మ దగ్గరికి ఎల్పోద్ది. అక్కడ కొట్లో ఉజ్జోగం సూసి ఉంచింది."

 సత్తిబాబు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. నిన్నటి మధ్యాహ్నం దాకా ఈ అమ్మాయి ఎవరో తెలియదు. ఇప్పుడు ఆమె వైజాగు వెళ్ళిపోతుందంటే గుండెల్లో రాయి పడ్డట్టయింది. ఆ తొట్టిలో చేపలు బతకాలి, అంతే. ఇక వేరే దారి లేదు.

ఫైబరు పనికి అనకాపల్లి నుంచి ఖాదర్ మొహిద్దీన్‌ను తెచ్చాడు. తలుపులు, తొట్లు, ఆటో టాపులు ఏవి కావాలన్నా పోత పోసే మనిషి. వయసులో పెద్దవాడు, నోరు మాత్రం ఊరుకోదు. తొట్టికి మూలలు ఉండకూడదని దేవిశ్రీ ముందే చెప్పింది. మూల కనిపిస్తే చేప అక్కడికే పోయి ముట్టె గుద్దుకుంటుందట, పొలుసు రాలిందంటే ఇక బతకదట. అందుకని పడవ నడుమ, బల్ల కింద, కోడిగుడ్డును నిలువునా కోసి పెట్టినట్టు ఒక తొట్టి తయారైంది. లోపలి గోడలు అరచెయ్యి రాస్తే జారిపోయేంత నున్నగా వచ్చాయి.

"టేపు ఇక్కడున్నాది, సూపు అక్కడున్నాది. కొలతెలా కుదురుద్ది సత్తిబాబూ?" అనేవాడు ఖాదర్ భాయ్.

సత్తిబాబు చెవులు ఎర్రబడేవి. దేవిశ్రీ రెసిను డబ్బా మీద ఉన్న ఇంగ్లీషు అంతా మొదటినుంచీ చదివేది.

ఫైబరు ఆరాక ఖాదర్ భాయ్ ఒకటే మాట చెప్పాడు. వాసన పూర్తిగా పోయేదాకా నీళ్ళు పొయ్యాలి, పారబొయ్యాలి, మళ్ళీ పొయ్యాలి. మనకు వాసన, చేపకు విషం. దేవిశ్రీ పూటపూటా వచ్చి తొట్టిలో ముఖం పెట్టి వాసన చూసేది. ఆమె చూశాక సత్తిబాబు చూసేవాడు. ఒక్కోసారి ఆమె ఇంకా చూస్తుండగానే చూసేవాడు, అప్పుడు ఇద్దరికీ వాసన సరిగ్గా తెలిసేది కాదు.

అసలు గొడవ కన్నం దగ్గర వచ్చింది. నీళ్ళు లోపలికి రావాలంటే పడవ అడుగున కన్నం పెట్టాలి. పడవల మీద బతికినవాడు ఎవడూ పడవకు తన చేత్తో కన్నం పెట్టుకోడని గణపతిరావు మొండికేశాడు. పై నుంచి పైపు వేలాడదియ్యొచ్చు కదా అన్నాడు. పైపు వేలాడితే వల తగులుకుంటుందనీ, పడవ ఊగినప్పుడల్లా గాలి పీలుస్తుందనీ దేవిశ్రీ నచ్చచెప్పింది. డ్రిల్లు మొదలయ్యేసరికి పెద్దాయన చూడలేక గట్టు మీదికి వెళ్ళిపోయాడు. చూడకుండా ఉండలేక మళ్ళీ దిగొచ్చాడు.

రూపాయి బిళ్ళంత ఫైబరు ముక్క ఊడి కింద పడింది. సత్తిబాబు ఆ కన్నంలో ఇత్తడి ఫిట్టింగు దించి, రెండు వైపులా రబ్బరు వాషర్లు పెట్టి, నాలుక పంటి కింద పెట్టుకుని బిగించాడు. దాని మీద వాల్వు, వాల్వు మీద ఆటో బ్యాటరీతో తిరిగే చిన్న పంపు, పంపు నుంచి తొట్టి పైఅంచు చుట్టూ చిల్లుల పైపు. తొట్టి పైభాగాన పక్కకు ఒక గొట్టం, నిండిన నీళ్ళు దాన్లోంచి పడవ బయటికి పొర్లిపోవడానికి.

పడవను నీళ్ళలోకి తోశారు. అందరూ వంగి ఆ ఇత్తడి బిళ్ళనే చూస్తున్నారు. గణపతిరావు వేలుతో దాని చుట్టూ తడిమి, వేలు పొడిగానే ఉందని చూసుకుని, నమ్మకం చాలక మళ్ళీ తడిమాడు. అప్పుడు సత్తిబాబు వాల్వు తిప్పి పంపు వేశాడు.

ముందు పైపులో ఒక గుటక వినిపించింది. తర్వాత చిల్లులన్నిటిలోంచీ ఒక్కసారే నీళ్ళు లేచాయి. పడవ మునగలేదు, కానీ రిజర్వాయరు పడవలోకి వచ్చేసింది. అవే నీళ్ళు, ఇందాక కొండల్ని మోసిన నీళ్ళు, ఇప్పుడు సన్నటి దారాలై తొట్టిలో పడుతున్నాయి. తను ఎన్ని కొళాయిలు తిప్పాడో సత్తిబాబుకు లెక్కలేదు. ఒక్క కొళాయి దగ్గరా ఇలా ఒళ్ళు జలదరించలేదు. దేవిశ్రీ ఆ దారాల కింద దోసిలి పట్టి అతని వైపు చూసింది. ఈసారి పెదవులు కూడా నవ్వాయి.

అక్కడితో ఊరుకుని ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ సత్తిబాబు సత్తిబాబే కదా.

మొదటి పెద్ద వాన కురిసిన సాయంత్రం, తెల్లారితే పడవ గెడ్డకు బయలుదేరుతుందనగా, అతను ఒంటరిగా ఒడ్డుకు వచ్చాడు. పక్క గొట్టంలోంచి నీళ్ళు వృథాగా పొర్లిపోవడం ముందునుంచీ అతని కంట్లో నలుసులా ఉంది. తను కట్టిన తొట్టి పొర్లుతోందని ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? దేవిశ్రీ మాత్రం ఏమనుకుంటుంది? అందుకని ఆ గొట్టానికి మూత అతికించేశాడు. తన దగ్గరున్నవాటిలో మంచి బంతి వాల్వు ఏరి తొట్టిలో బిగించాడు. నీళ్ళు నిండగానే ధార ఆగిపోతుంది. ఒక్క చుక్క పొర్లదు. ఆమెకు చెప్పకుండా చేసిన పని, చూసి ఆశ్చర్యపోవాలని. ఆ రాత్రి అతనికి చాలా హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు పొద్దెక్కాక పడవ తిరిగొస్తుంటే గట్టు మీద నిలబడి చెయ్యి ఊపాడు. ఎవరూ తిరిగి ఊపలేదు. దగ్గరికి వచ్చేసరికి దేవిశ్రీ తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. పడవ నిండా నీళ్ళు. గణపతిరావు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తొట్టిలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అంచుకు సరిగ్గా నాలుగు వేళ్ళ కింద, ఒక్క అల కూడా లేకుండా ఆగి ఉన్నాయి. సత్తిబాబు చేతి మీద అంత చక్కగా ఆగిన నీళ్ళు ఇంతకు ముందు లేవు. వాటిలో రెండు పెద్ద బొచ్చెలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి.

జరిగింది గణపతిరావు చెప్పాడు. సగం దారిలో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. చూస్తే లోపలికి నీళ్ళు రావడం లేదు. దేవిశ్రీ బంతిని చేత్తో కిందికి నొక్కి పట్టింది. నీళ్ళు వచ్చాయి గానీ పక్క గొట్టం మూసి ఉండటంతో అంచు మీదనుంచి పడవలోకే పొర్లాయి. మూత ఎంత లాగినా ఊడలేదు. తోడి పొయ్యడం ఒక మనిషి వల్ల కాలేదు. పడవ మునిగేలా ఉంటే ఆయనే చెయ్యి తియ్యమన్నాడు.

దేవిశ్రీ ఒక చేపను రెండు చేతులతో పైకెత్తింది. దాని పొట్టలోంచి గుడ్లు ఆమె వేళ్ళ మీదికి జారాయి. లక్ష పిల్లలయ్యేవి, ఎన్నయ్యేవో, పచ్చటి నూకల్లా జారి పడవ అడుగు బురదలో కలిసిపోయాయి.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"ఊపిరాడలేదండి ఆటికి," అంది. "పొర్లితేనే గదా కొత్తనీరొస్తాది. నాను మొదటి రోజే సెప్పేను."

అవును, చెప్పింది. మేడ మీద, మొదటి మాటల్లోనే చెప్పింది. అతను ఆమె కళ్ళు చూశాడు గానీ మాట వినలేదు.

సత్తిబాబు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. సంగతంతా విన్న రాజ్యం కొడుకును ఓదార్చలేదు. "తప్పు సేసినోడివి ఇంట్లో కూకుంటే ఆ గుంటకి తొట్టి ఎవుడు బాగుసేస్తాడురా?" అని మాత్రం అడిగింది.

తెల్లారేసరికి అతను రంపంతో ఒడ్డున ఉన్నాడు. బంతి పీకేశాడు. మూత అతికించిన గొట్టాన్ని మొదలంటా కోసేసి, దాని స్థానంలో రెండింతలు వెడల్పున్న గొట్టం పెట్టాడు, లోపలికి వచ్చే నీళ్ళు ఎంతయినా వెనక్కి తట్టకుండా. పై పైపు చిల్లుల్ని పూడ్చి, కొత్త చిల్లులు ఏటవాలుగా వేశాడు. ఇప్పుడు నీళ్ళు తొట్టిలో పడటమే కాదు, దాని గుండ్రం వెంబడి నెమ్మదిగా తిరుగుతున్నాయి. తిరిగి తిరిగి పక్క గొట్టంలోంచి రిజర్వాయరులోకే పోతున్నాయి.

దేవిశ్రీ ఎప్పుడొచ్చిందో వచ్చి కొంచెం దూరంలో కూర్చుంది.  అతను స్పానరు కోసం తడుముకుంటుంటే తీసి చేతిలో పెట్టింది. అదే మొదటి మాట కింద లెక్క.

నాలుగు చిన్న చేపల్ని తొట్టిలో వేసుకుని సత్తిబాబు సాయంత్రం దాకా వాటి పక్కనే కూర్చున్నాడు. అవి ప్రవాహానికి ఎదురు తిరిగి, ఉన్నచోటే ఈదుతూ, హాయిగా ఉన్నాయి. బయట గొట్టంలోంచి ధార పొర్లుతూనే ఉంది. నీళ్ళు పొర్లే చప్పుడు వింటూ అతను ప్రశాంతంగా కూర్చోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

గణపతిరావు వచ్చి చేపల్ని చూశాడు. ఇంకొక్క వాన చూస్తానన్నాడు. ఆ తర్వాత ఇక అడగొద్దన్నాడు. ఈసారి తొట్టి కట్టినవాడు కూడా పడవ ఎక్కాలన్నాడు. ఈత వచ్చా అని అడిగితే సత్తిబాబు రాదని ఒప్పుకున్నాడు.

"మంచిదే. మనసు పనిమీదే ఉంటాది," అన్నాడు పెద్దాయన.

ఆ వాన జూలై చివర్లో వచ్చింది. కొండల మీద రాత్రంతా కురిసి, పొద్దున్నకు తెరిపిచ్చింది. ముగ్గురూ బయలుదేరారు. గణపతిరావు వెనక తెడ్ల దగ్గర, దేవిశ్రీ ముందు, మధ్యలో తొట్టిని రెండు చేతులతో పట్టుకుని సత్తిబాబు. చేతులు తొట్టి కోసం పట్టుకున్నాయో ప్రాణం కోసం పట్టుకున్నాయో అడగకూడదు.

గెడ్డ కలిసే చోటు చూశాక అతనికి భయం కూడా మరుపున పడింది. ఎర్రటి కొత్తనీరు కొండ మీదనుంచి దిగొచ్చి, ఆకుపచ్చటి పాతనీటిలో కలవకుండా చాలాదూరం పక్కపక్కనే నడుస్తోంది. ఆ రెండూ ఒరుసుకునే గీత మీద చేపలు దొర్లుతున్నాయి. ఒక వీపు లేచేది, నల్లగా మెరిసేది, మునిగేది. దాని వెంట ఇంకొకటి. ఏ క్యాలెండరూ చూడకుండా, ఎవరూ పిలవకుండా, ఇన్ని ప్రాణాలు ఈ ఒక్క వాన కోసం కాచుకుని ఇక్కడికి వచ్చాయి. సత్తిబాబు నోరు తెరిచి చూస్తుంటే దేవిశ్రీ నెమ్మదిగా, "ఏటేటా సూస్తాను. ఏటేటా ఇలాగే ఉంటాది నాకు," అంది.

వలలో రెండు తల్లులూ రెండు పోతులూ పడ్డాయి. దేవిశ్రీ వాటిని తడిగుడ్డలో పట్టి ఒక్కొక్కటే తొట్టిలోకి దించింది. అవి ఒక్క క్షణం బెదిరి, తర్వాత నీరు తిరుగుతున్న వైపుకు ఎదురు నిలిచి, మొప్పలు తెరుస్తూ మూస్తూ కుదుటపడ్డాయి. పక్క గొట్టంలోంచి ధార ధారాళంగా పోతోంది. తొట్టిలో ఉన్న సంగతి నిజంగానే మర్చిపోయినట్టున్నాయి.

సగం దారికి వచ్చేసరికి వాన మళ్ళీ అందుకుంది. ఎదురుగాలి. ఆ హోరులో కూడా పంపు గొంతు మారడం సత్తిబాబు చెవి పట్టుకుంది. ధార సన్నబడింది. చినుకులయింది. ఆగిపోయింది. కొత్తనీరు కొట్టుకొచ్చిన ఆకులు అడుగు కన్నానికి అడ్డుపడ్డాయి. వాల్వు మూసి పైపు ఊడదీసి చూశాడు. అడ్డు పడవ కింద ఉంది, చెయ్యి అందదు. ఒక తల్లిచేప పైకి వచ్చి నోరు తెరిచింది.

దేవిశ్రీ ముఖం చూశాడు. ఆ ముఖం అతను ఇంతకు ముందొకసారి చూశాడు, మళ్ళీ చూడదలుచుకోలేదు.

పడవలో నీళ్ళు తోడే బకెట్టు అందుకున్నాడు. ఈత రాని మనిషి పడవ అంచు మీదికి నడుం దాకా వంగి, రిజర్వాయరులో బకెట్టు ముంచి, ఎత్తుగా లేపి తొట్టిలో పోశాడు. పోస్తే నురగ లేచింది. మళ్ళీ ముంచాడు, మళ్ళీ పోశాడు. తొట్టి నిండి పక్క గొట్టంలోంచి పొర్లింది. పొర్లనీ, ఇంకా పొర్లనీ అనుకుంటూ పోశాడు. దేవిశ్రీ అతని చొక్కా వెనకనుంచి పట్టుకుని, రెండో చేత్తో తొట్టిలో నీళ్ళు తిప్పుతోంది. గాలి పడవ ముక్కును పక్కకు తోసేస్తోంది. పెద్దాయన తెడ్లు తడబడుతున్నాయి.

"మావయ్యా, ఎడంపక్క గట్టిగా లాగండి, తిరిగిపోతంది," అని అరిచాడు సత్తిబాబు.

అరిచాక గానీ తెలియలేదు. ఇన్నాళ్ళూ ఏ వరసా లేకుండా నెట్టుకొచ్చిన నోరు, అదను చూసి తన ఇష్టం వచ్చిన వరస కలిపేసింది. చొక్కా పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం బిగుసుకుంది. అంత చిన్న పడవలో వినపడకుండా దాక్కోవడానికి చోటెక్కడుంది?

"ఏటన్నావు?" అన్నాడు గణపతిరావు.

వెనక్కి తీసుకోవచ్చు. గాలి మీద, వాన మీద పెట్టెయ్యొచ్చు. సత్తిబాబు బకెట్టు ముంచుతూనే, వెనక్కి తిరగకుండా, "మావయ్యా అన్నాను. దేవిశ్రీ అంటే నాకు ప్రాణం. తప్పయితే ఒడ్డుకెళ్ళాక తిట్టండి," అన్నాడు.

బకెట్టు ఇంకోసారి మునిగి లేచింది.

"ముందు నీళ్ళు పొయ్యి," అన్నాడు పెద్దాయన. ఆ వెంటనే ఎడమ తెడ్డు బలంగా పడింది.

ఒడ్డుకు చేరేసరికి సత్తిబాబు భుజాలు అతనివి కానట్టున్నాయి. దేవిశ్రీ తొట్టిలోకి వంగి చూసి, అలాగే ఉండిపోయింది. అతను భయపడుతూ వంగాడు. నాలుగు చేపలూ బతికే ఉన్నాయి. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. వానలో ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. బహుశా ఆమెకు కూడా తెలియదు.

చేపల్ని తడిగుడ్డల్లో తొట్లకు చేర్చాక గణపతిరావు అరుగు మీద కూర్చుని తల తుడుచుకున్నాడు. సత్తిబాబు తిట్లకు సిద్ధపడి ఎదురుగా నిలబడ్డాడు. పెద్దాయన అతన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, పొడిబట్ట కట్టుకోమని తన పంచె ఒకటి ఇప్పించాడు.

"నాకు తిట్టాలని లేదు బాబూ. అయినా ఆ మాట అడగాల్సింది నన్ను కాదు, గుంటని," అన్నాడు.

గుంట ఆ సాయంత్రం చేపలు గుడ్లు పెట్టడానికి ఇంజక్షన్లు ఇచ్చే హడావిడిలో ఉంది. ఇప్పుడు మాట్లాడకండి, చేపలు బెదురుతాయి, రేపు సాయంత్రం రండి అని గడప దగ్గరనుంచే పంపేసింది. చోడవరం దాకా సత్తిబాబు బండి మీద వచ్చాడో గాలిలో వచ్చాడో అతనికి గుర్తులేదు. మర్నాడు రెండు ఇళ్ళలో పైపులు తప్పు బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు.

సాయంత్రం పొద్దుండగానే వెళ్ళాడు. దేవిశ్రీ సిమెంటు తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది. కళ్ళ కింద నిద్రలేని నలుపు, కళ్ళలో మాత్రం వెలుగు. ఒక గాజు గ్లాసు తొట్టిలో ముంచి, వాలుతున్న ఎండకు అడ్డంగా పట్టి అతనికి ఇచ్చింది.

మొదట నీళ్ళే కనిపించాయి. తర్వాత ఆ నీళ్ళలో ముత్యాలంత గుండ్రటి బుడగలు. అద్దంలా ఉన్న ఒక్కో బుడగలో వంకర తిరిగిన ఒక సన్నటి గీత. చూస్తుండగానే ఒక గీత చటుక్కున కదిలింది. ఇంకోటి కదిలింది. ఒక బుడగ పగిలి, కనురెప్ప వెంట్రుకంత పిల్ల ఒకటి నీళ్ళలోకి వచ్చి, ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడి, మరుక్షణం ఈదడం మొదలుపెట్టింది. దానికెవరూ నేర్పలేదు. తొట్టి వైపు చూశాడు. తొట్టంతా అదే. నీళ్ళన్నీ కదులుతున్నాయి.

 తను బిగించిన పైపుల్లో ఇన్నాళ్ళూ నీళ్ళు నడిచాయి. ఈసారి వాటిలోంచి ఇంత బతుకు నడిచొచ్చింది. దేవుడి గుళ్ళో కూడా అతను ఇంత చిన్నవాడినని అనుకోలేదు, ఇంత సంతోషపడనూ లేదు.

గ్లాసు లోపలికే చూస్తూ, "నిన్న పడవలో నానన్న మాట," అని మొదలుపెట్టాడు.

"ఇన్నానండి."

"మరేటంటారు?"

 దేవిశ్రీ తొట్టిలోకి వచ్చే ధారను సరిచేసింది, సరిగ్గా ఉన్నదాన్నే. తర్వాత అతని వైపు తిరిగింది.

"రేపు మీ అమ్మగారిని తీసుకురా. పిల్లల్ని సూపిద్దాం," అంది. కొంచెం ఆగి, "ఆవిడ నన్ను కూడా సూడాలి గదా," అంది.

ఇన్నాళ్ళ 'అండి' ఎక్కడికి పోయిందో పోయింది. అది పోయిన సంగతి ముందు సత్తిబాబు చెవులకు తెలిసింది, తర్వాత మనసుకు తెలిసింది, ఆ తర్వాత చేతులకు తెలిసి గ్లాసు వణకడం మొదలుపెట్టింది. కదిపితే పిల్లలు బెదురుతాయని దేవిశ్రీ అతని చేతి కింద తన చెయ్యి పెట్టింది. ఇద్దరూ అలాగే వంగి నిలబడి, పొద్దు కొండ వెనక్కి దిగేదాకా ఆ తోకలు కదలడం చూస్తూ ఉండిపోయారు.